ఐదక్షరాలు, చివర యూ

మా అక్క భర్త, అంటే మా బావ, నోట్లో నాలుక లేని మనిషి. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మేము పొరపాటున విరిగిన కుర్చీ వేశాం. చెబితే మేం చిన్నబుచ్చుకుంటామని సాయంత్రం దాకా ఒక పక్కకి ఒరిగి, బరువంతా ఒక కాలి మీదే మోస్తూ కూర్చున్నాడు. లేచేసరికి ఆ కాలు తిమ్మిరెక్కి గోడ పట్టుకోవలసి వచ్చింది. నేను పడీ పడీ నవ్వి, "నోరుంది దేనికి, అలంకారానికా?" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను కత్తెర అని పిలుస్తాడు. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని కాబట్టి అలా పిలుస్తున్నాడని మా అక్క నలుగురికీ చెప్పుకుంటుంది. అది నా నోటికి పెట్టిన పేరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన పని ఆవిరి లాండ్రీలో. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అక్కడికి బండ్ల కొద్దీ వస్తాయి. వాటిని పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ఉతికి, ఆవిరితో కాగే రోలర్ల కింద నడిపి, మడతపెట్టి పంపుతారు. ఆ ఆవిరి పుట్టించే బాయిలర్ మా బావ చేతిలో ఉంటుంది. పొద్దున్నే కట్టెలు వేసి వెలిగించడం, నీళ్ళు చూసుకోవడం, మంట తగ్గించడం, పెంచడం, అన్నీ ఆయనే. ఇంట్లో అడిగితే గాని మంచినీళ్ళు తాగని మనిషి, బాయిలర్‌కి మాత్రం అడక్కుండానే అన్నీ అమరుస్తాడని మా అక్క దెప్పుతూ ఉంటుంది.

ఆయన బడి మొహం చూడలేదు. లాండ్రీలో మొదట చేరింది ట్రాలీల మీద పేర్లు వేసే పనికి. రేకులో అక్షరాలు కోసి ఉంటాయి. రేకును ట్రాలీకి ఆనించి పైన రంగు పులిమితే అక్షరం పడుతుంది. అలా ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఆయన చేతికి ఎక్కాయి. ఏ అక్షరం ఎలా పలుకుతుందో అప్పటి పెయింటరు చెప్పి పెట్టాడు. తెలుగు అక్షరాల రేకులు ఎవరూ కొయ్యలేదు కాబట్టి తెలుగు రాయడం రాకుండానే పోయింది. ఎవరైనా రాసిచ్చిన పేరును చూసి రేకులు పేర్చడమే గాని, సొంతంగా కాగితం మీద ఒక్క మాట రాయగా మేమెవరం చూడలేదు. రాయాల్సినంత అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

నా కూతురు బుజ్జిని కూడా ఆయనే ఆ లాండ్రీలో రోలర్ దగ్గర పెట్టించాడు. నేను వద్దన్నాను. నా మిషను పక్కన కూర్చుంటే చాలు, ఆ ఉక్కపోతలో మాడనక్కర్లేదని గొడవ పెట్టుకున్నాను. బుజ్జి నా మాట వింటే కదా. పెద్దనాన్న ఉన్నాడుగా, నీకెందుకు భయం అంది. రోలరుకీ బాయిలర్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డం. అటు మా బావ, ఇటు నా కూతురు, నడుమ ఆ గోడ. నేను ఆ గోడను తలుచుకుని ఎప్పుడూ భయపడలేదు, ఆ ఒక్క రోజు తప్ప.

ఆ రోజు చొక్కా కాలరు కుడుతుండగా అక్క ఫోను చేసింది. ఏడుపు తప్ప మాట రావడం లేదు. బావ బాయిలర్ నిచ్చెన మీంచి జారి పడ్డాడని, ఆస్పత్రిలో ఉన్నాడని ఎలాగో అర్థమైంది. చొక్కాను సూది కిందే వదిలేసి పరుగెత్తాను.

ఎమర్జెన్సీ గదిలో ఆయన్ని చూసి నిలబడిపోయాను. దవడ విరిగింది. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా కట్టు. మెడ కదలకుండా పట్టా. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగితే చెక్క పెట్టి చుట్టారు. మనిషి స్పృహలోనే ఉన్నాడు. పక్కన మా అక్క మంచం పట్టీ పట్టుకుని కూలబడి ఉంది. లాండ్రీ మేనేజరు, ఆయన్ని ఇక్కడికి చేర్చినవాడు, ఫోనులో మాట్లాడుతున్నాడు.

"దెబ్బలు బాగానే తగిలాయి. ప్రాణానికేం భయం లేదు. దిగుతూ జారినట్టున్నాడు. పక్క రంగుల ఫ్యాక్టరీ నుంచి వాళ్ళ బాయిలర్ చూసే ఫైర్‌మన్ వస్తున్నాడా? భోజనాలవగానే వెలిగించెయ్యమను. ఆస్పత్రి దుప్పట్లు సాయంత్రానికి వెళ్ళి తీరాలి."

ఆ మాట చెవిన పడ్డదో లేదో, మా బావ ఎడమ చెయ్యి లేచింది. మేనేజరు చొక్కా గుప్పిట పట్టి లాగాడు. గుండీ ఊడి నేల మీద పడింది. నేను ఆయన కళ్ళలోకి చూశాను. నొప్పి కాదది. భయం. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవరి చొక్కా పట్టుకోలేదు, పట్టుకుంటాడని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

"ఏంటి బావా? ఏం కావాలి?" అన్నాను.

గొంతులో ఏదో మూలిగాడు. కట్టు కింద దవడ కదలదు, మెడ తిరగదు. చొక్కా వదిలేసి వేలు పైకి చూపించాడు. మళ్ళీ పైకి. మళ్ళీ.

అక్క చూసి గుండెలు బాదుకుంది. "పైకి పోతున్నానంటున్నాడే. నన్ను వదిలేసి పోతానంటున్నాడే."

"అక్కా, నువ్వు కాసేపు ఊరుకో. ఆయన పోయేలోపు నువ్వే పంపించేసేట్టున్నావు," అని కసిరాను.

నర్సు తెలివైన పిల్ల. అప్పుడే ఆయనకి ఇంజెక్షన్ ఇచ్చింది, ఇంకాసేపట్లో మత్తు వచ్చేస్తుందంది. "రాయగలరా? రాసి చూపిస్తారా?" అని ఎక్స్‌రే కవరు తిరగేసి ఆయన పొట్ట మీద పెట్టి, ఎడమ చేతికి పెన్ను అందించింది. ఆయన పెన్నును బ్రష్షు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక అక్షరం గీశాడు. చేతి కింద కవరు జారింది. దాని మీదే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడ్డాయి. నర్సు చూసి కవరును రెండు చేతులతో గట్టిగా పట్టుకునేసరికి చివరి అక్షరం ఒక్కటే విడిగా, పెద్దగా, స్పష్టంగా పడింది. అది యూ. ఇంగ్లీషు యూ.

"ఎన్ని అక్షరాలు రాశారు?" అంది నర్సు.

ఆయన ఐదు వేళ్ళూ చాపాడు. చాపిన చెయ్యి అలాగే మెల్లగా దుప్పటి మీదికి వాలిపోయింది. కనురెప్పలు బరువెక్కాయి. నేను భుజం పట్టి కదిపాను, చెవిలో పిలిచాను. ఒకసారి నా వైపు చూశాడు గాని చూపు నిలవలేదు. ఇక అడగడానికి మనిషి మెలకువలో లేడు. ఐదక్షరాలు, చివర యూ, అంతే మిగిలింది.

"ఆయన లాండ్రీ గురించే ఏదో చెబుతున్నాడు సార్," అన్నాను. "మీరు ఫోనులో బాయిలర్ వెలిగించమనగానే కదా చొక్కా పట్టుకున్నాడు. అదేంటో తెలిసేదాకా వెలిగించొద్దని చెప్పండి."

మేనేజరు చెడ్డవాడని చెప్పను. రక్తం ఓడుతున్న మనిషిని తన చేతులతో ఎత్తి తెచ్చాడు. కాకపోతే అతని ప్రాణమంతా సాయంత్రం వెళ్ళాల్సిన దుప్పట్ల మీద ఉంది. "కారణం చెప్పండమ్మా, ఇప్పుడే ఆపిస్తాను. ఊరికే ఆపమంటే పైవాళ్ళకి ఏం చెప్పుకోను? ఆ వచ్చేవాడు అన్నీ చూసుకునే వెలిగిస్తాడు. ఈయన నొప్పికి అలా చేశాడు."

"నొప్పికి యూ రాస్తారా ఎవరైనా?"

"సరే, అదేం మాటో చూద్దాం ఉండండి," అని ఫోను తీశాడు. ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు, చివర యూ ఉన్నవి చూపించమని అడిగాడు. అడిగిందే తడవు ఫోను బారెడు వరస చూపించింది. నాకు కాస్త ఆశ పుట్టింది. ఇంగ్లీషులో అన్ని మాటలున్నాయి, ఇందులో మా బావ మాట దొరక్కపోతుందా అనుకున్నాను.

"హైకూ," అని చదివాడు మేనేజరు. "చిన్న కవితట."

"బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, దవడ విరిగి, కవిత చెబుతాడా?"

"బేయూ. మెల్లగా పారే నీళ్ళట, బురద నేల."

"తరవాత?"

"బీజూ. నగ. స్నాఫూ. అంటే... అంతా గందరగోళం అట."

గందరగోళమంటే ఏదైనా కావచ్చు. నర్సు కూడా వంగి చూసి, "ఆ మాట నాకే తెలీదు. ఈయనకెలా తెలుస్తుంది?" అంది. నిజమే. అక్కడున్నవన్నీ కొరుకుడు పడని మాటలే. ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే అన్నీ చివర ఊ అంటున్నాయి. ఆ మాటలు ఊ కొట్టడమే తప్ప, ఒక్కటీ మాకు చెప్పిందేమీ లేదు.

"ఇదిగో, దొరికింది," అన్నాడు మేనేజరు ఉన్నట్టుండి. "అడ్యూ. ఇదే అయ్యుంటుంది. సెలవు అని అర్థం."

నేను ఏదో అనేలోపే మా అక్క చావుకేక పెట్టింది. "చెప్పానా లేదా. పైకి వేలు చూపించాడు. ఇప్పుడు సెలవంటున్నాడు. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా సెలవు తీసుకుంటున్నాడు."

మేనేజరుకి ఆమె ఏడుపు సగమే అర్థమైంది. "అయ్యో, సెలవుదేముందమ్మా, ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు తీసుకోమనండి. జీతం కూడా కొయ్యం," అన్నాడు మనస్ఫూర్తిగా.

వేరే రోజైతే నేను ఈ ముక్క చెప్పుకుని చెప్పుకుని నవ్వేదాన్ని. ఆ క్షణాన నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. గోడ మీద గడియారం కనిపిస్తోంది. లాండ్రీలో భోజనాలైపోయి ఉంటాయి. ఆ పక్క ఫ్యాక్టరీవాడు వచ్చి ఉంటాడు. అగ్గిపుల్ల గీసి ఉంటాడు. బుజ్జి తల గుడ్డ బిగించుకుని రోలర్ ముందు నిలబడి ఉంటుంది. మా బావ చెప్పాలనుకున్నదేదో ఆ గోడకి ఆవల ఉంది, నా కూతురు ఈవల ఉంది.

బుజ్జికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఉండగా ఆడపిల్లలందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో పెట్టించే నియమం ఈ మేనేజరే పెట్టాడు. "ఇందాక మీరు మాట్లాడిన గేటువాడికి చెయ్యండి," అన్నాను. చేశాడు. గేటువాడూ ఎత్తలేదు. ట్రాలీలు తొయ్యడానికి లోపలికి వెళ్ళి ఉంటాడన్నాడు.

అక్క ఏడుపు ఆగలేదు. నర్సు ఆమెకి నీళ్ళ గ్లాసిచ్చి, "అది అడ్యూ కాదేమోనమ్మా, ఇంకా చాలా ఇంగ్లీషు మాటలున్నాయి," అని ఓదార్చబోయింది.

"నాకెందుకమ్మా ఆ ఇంగ్లీషు," అంది అక్క ముక్కు చీదుతూ. "ఆయనకి మాత్రం ఎక్కడొచ్చింది? ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా ఆ బాయిలర్ గదిలో ఉన్నంతే. పంపు, బెల్టు, బోల్టు, పైపు. ఇంటికొచ్చినా అవే మాటలు. నిద్దర్లో అవే మాటలు."

పంపు. బెల్టు. బోల్టు.

నేను అక్క నోటి వంక చూస్తూ ఉండిపోయాను. ప్రతి మాటకీ చివర పెదాలు గుండ్రంగా చుడుతోంది. అక్కే కాదు, నేనూ అంతే. లైటు, స్విచ్చు, బస్సు, కారు. మన నోటికి ఏ ఇంగ్లీషు మాట వచ్చినా చివర ఉ తగిలించకపోతే అది మాటలాగే అనిపించదు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు పలికేటప్పుడు ఎలా పలికినా, రాసేటప్పుడు ఆ ఉ తీసేసి రాస్తారు. బడికి పోనివాడికి తీసెయ్యాలని ఎవరు చెబుతారు? తన నోట్లో మోగినదానికి తన చేతిలో ఉన్న అక్షరాలు పేర్చుకుంటాడు. చివర ఉ మోగింది, యూ పెట్టాడు.

"సార్, ఆ ఫోను అవతల పెట్టండి," అన్నాను. "అది ఇంగ్లీషు మాట కాదు. ఇంగ్లీషు మాటే, కానీ మనం అనేలా రాశాడు. పంపు. పీ, యూ, ఎమ్, పీ, యూ. ఐదు. చూడండి."

మేనేజరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మొహంలో విసుగు పోయింది. "పంపు పొద్దునే చూశాం. బాగానే ఉంది."

"బెల్టు. అదీ ఐదే."

"మొన్ననే కొత్తది వేశాం."

"బోల్టు. ట్యాంకు."

"ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. బోల్టంటే... బోల్టులు బోలెడుంటాయి కదమ్మా, ఏదని?"

అన్నీ ఐదక్షరాలే, అన్నిటికీ చివర యూనే. ఫోను చూపించిన వరసకి బదులు ఇప్పుడు మాకు మా సొంత వరస తయారైంది, అందులో ఏదో ఒకటి నిజం, అదేదో తెలీదు. నర్సు చేతిలోంచి కవరు లాక్కున్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆ చిక్కుముడిని చూశాను. గీతలు ఏవి ఏ అక్షరానివో తెలియడం లేదు గాని, అడుగున రెండు చోట్ల గీతలు సూదిగా మొనదేలి ఉన్నాయి. జాకెట్టు మెడ కోణంగా కత్తిరించడానికి నేను సుద్దతో గీసే గీతలాగే, ఒకటి ముందర, ఒకటి కాస్త వెనక. పీ అక్షరానికి అలాంటి మొన ఉండదు. బీకి ఉండదు.

"వీ," అన్నాను. "రెండు వీ అక్షరాలున్నాయి సార్. వాల్వు. వీ, ఏ, ఎల్, వీ, యూ."

మేనేజరు ఫోను జేబులో పెట్టబోతూ ఆగిపోయాడు.

"పొద్దున నీళ్ళ పరీక్ష," అన్నాడు నెమ్మదిగా, తనలో తనే చెప్పుకుంటున్నట్టు.

"అంటే ఏంటి? తెలిసేటట్టు చెప్పండి."

"బాయిలర్ నెత్తిన ఒక వాల్వు ఉంటుందమ్మా. ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి అప్పుడప్పుడూ నిండా నీళ్ళు పట్టి గట్టిగా ఒత్తిడి పెడతాం. ఆ పరీక్ష జరిగేంతసేపూ వాల్వు తెరుచుకోకుండా దానికి బిగింపు వేస్తారు. తర్వాత ఎక్కి తీసెయ్యాలి. తీసేసి దిగుతూ పడ్డాడనుకున్నాను."

"తియ్యడానికి ఎక్కుతూ పడ్డాడు," అన్నాను. పైకి చూపించిన ఆ వేలు గుర్తొచ్చింది. ఆయన చూపించింది బాయిలర్ నెత్తిని. పాపం, మా అక్క దాన్ని ఆకాశానికి అంటగట్టింది.

మేనేజరు మళ్ళీ గేటుకి ఫోను చేశాడు, ఈసారీ ఎవరూ ఎత్తలేదు. లాండ్రీ ఆస్పత్రికి వెనక రెండు వీధుల అవతలే. మేనేజరు స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను. దారిలో అతను ఇంకో మాట చెప్పాడు, చెప్పకపోయినా బాగుండేది. బాయిలర్ ఒత్తిడి చూపించే గేజి ముల్లు చాలాకాలంగా సరిగ్గా లేదట. సగం దాకా వెళ్ళి మొండికేస్తుందట. మా బావ వేలితో తట్టి చూసుకుంటాడట. కొత్తగా వచ్చినవాడికి ఆ సంగతి తెలీదు.

"మార్పించలేదేం?" అన్నాను.

అతను స్కూటరు వేగం పెంచాడు. వీధి మలుపులో లాండ్రీ పొగగొట్టం కనిపించింది. నల్లగా, దట్టంగా పొగ వస్తోంది. పొయ్యి వెలిగించి చాలాసేపే అయిందన్నమాట.

గేటు దాటగానే స్కూటరు ఆగకముందే దూకాను. మేనేజరు బాయిలర్ గదిలోకి పరుగెత్తాడు. నేను రోలర్ల గదిలోకి పరుగెత్తాను. తెల్ల దుప్పట్ల మధ్య, ఆ ఆవిరిలో, తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా నిలబడి పనిచేస్తున్నారు. యంత్రాల మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. "బుజ్జీ, బుజ్జీ" అని అరుచుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాను.

"ఏంటమ్మా నువ్వు, అందరి ముందూ," అని విదిలించుకోబోయింది.

"ముందు బయటికి పద. పద ముందు."

"దుప్పటి రోలర్లో ఉంది. సగంలో వదిలేస్తే కాలిపోద్ది."

"కాలనీ," అని ఈడ్చుకుపోయాను. తలుపు దగ్గర అది నా చెయ్యి వదిలించుకుని వెనక్కి తిరిగి, పక్క రోలరు మీద పనిచేసే ఆమెను చూపించి ఏదో అడగబోయింది. నేను వినలేదు. దాన్ని వాకిట్లోకి నెట్టాను. అప్పుడు మేనేజరు గొంతు వినిపించింది. గోడకవతల నుంచి వచ్చి, తలుపులన్నీ బార్లా తీస్తూ, అందర్నీ బయటికి పొమ్మని కేకలు వేస్తున్నాడు. దుప్పట్ల మాట ఎత్తలేదు.

బాయిలర్ గది తలుపు తెరిచే ఉంది. వాకిట్లోంచి నాకు లోపల కనిపించింది. రంగుల ఫ్యాక్టరీ ఫైర్‌మన్, బక్కపలచటి పెద్దాయన, చేతిలో కట్టె పట్టుకుని పొయ్యిలో వెయ్యబోతూ ఆగి ఉన్నాడు. మేనేజరు లోపలికి తిరిగొచ్చి గేజి చూపించాడు. ముల్లు సగంలో ఉంది. అతను వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. ముల్లు ఒక్క గెంతున ఎర్రగీత దాటింది.

పెద్దాయన చేతిలో కట్టె జారిపోయింది. పొడుగాటి ఇనప పార తీసుకుని పొయ్యిలో నిప్పులన్నీ బయటికి లాగడం మొదలుపెట్టాడు. మేనేజరు ఖాళీగా తిరుగుతున్న యంత్రాలన్నిటికీ ఆవిరి వదిలాడు, మురుగు కాలవలోకి పోయే గొట్టం తెరిచాడు. వాకిట్లో అందరం గోడవారగా నిలబడి ఆ చప్పుడు వింటున్నాం. వేడినీళ్ళు కాలవలో పడి బుసలు కొడుతున్నాయి. నేను బుజ్జి మణికట్టు వదల్లేదు. గాజు గీసుకుని రక్తం వచ్చిందని అది చెబితే గాని నాకు తెలియలేదు.

చాలాసేపటికి పెద్దాయన బయటికొచ్చాడు. నిప్పు సెగకి కనుబొమ్మలు కమిలి ఉన్నాయి. గోడకి చేరగిలపడి, "దిగింది," అన్నాడు. తర్వాత మా అందర్నీ ఒకసారి కలయజూసి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

మా బావకి మర్నాడు పొద్దున మెలకువ వచ్చింది. దవడకి తీగలు వేసి కట్టేశారు. కళ్ళు తెరుస్తూనే నన్ను వెతికాడు. "బిగింపు తీశారు బావా. ఎవరికీ ఏం కాలేదు," అని చెప్పాను. నా మాట మీద నమ్మకం లేక మేనేజరు వంక చూశాడు. అతను తల ఊపాడు. అప్పుడు ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. అక్క తుడిచింది. బుజ్జి వచ్చి ఆయన ఎడమ చెయ్యి తన బుగ్గకి ఆనించుకుని కూర్చుంది.

ఆయన ఎందుకు పడ్డాడో ఆ పిల్లే చెప్పింది. పరీక్ష పూర్తయి బిగింపు విప్పబోతుంటే, కొత్త ఆస్పత్రి ట్రాలీల మీద పేర్లు వెయ్యమని మేనేజరు కిందికి పిలిచాడట. అవి వేసి, ఆలస్యమైపోతోందని గబగబా నిచ్చెన ఎక్కబోయాడట. రంగు అంటిన అరికాలు జారింది. అది విన్నాక నేను మేనేజరు గదికి వెళ్ళి నా నోటికి పని చెప్పాను. ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. అతను తలదించుకుని అంతా విన్నాడు. ఆ వారంలోనే గేజి మార్చారు. మా బావ మాత్రం ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

దవడ తీగలు విప్పాక ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మెత్తగా చేసిన అన్నం గిన్నెలో పెట్టుకుని, పిల్లాడిలా కొంచెం కొంచెం నములుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. నాకు చాలా రోజుల నుంచి మనసులో ఒక మాట మెదులుతోంది. ఆయన మాట్లాడగలిగేదాకా ఆగాను. అంతకాలం నేను ఏదైనా కడుపులో దాచుకోవడం అదే మొదలు.

"బావా, ఒకటి అడుగుతా. ఆ రోజు బుజ్జి అని రాసి ఉంటే? ఇంగ్లీషులో అదీ ఐదక్షరాలే. చూసిన మరుక్షణం నేను పరుగెత్తేదాన్ని. ఆ ఫోనులూ, ఆ వెతుకులాటా, ఏదీ ఉండేది కాదు. దాని పేరు నీకు గుర్తు రాలేదా?"

అక్క నా వైపు గుర్రుగా చూసింది. ఆయన నోట్లో ముద్ద నిదానంగా మింగాడు.

"ముందు అదే గుర్తొచ్చింది," అన్నాడు. "రాస్తే నువ్వు పరుగెత్తేదానివే. దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేదానివి, కత్తెరా. మిగతా వాళ్ళ పేర్లన్నీ రాసేంత టైము నాకు లేదు."

లాండ్రీ గదిలో ఆ రోజు నేను పిలిచింది ఒక్క పేరేనని, పక్క రోలరు ఆమెను నా కూతురు చూపించినా నేను ఆగలేదని, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన చేతిలో గిన్నె ఖాళీ అయింది. దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి కడుగుతూ నిలబడ్డాను.